సంబంధం చెడగొట్టుకోవడానికి అరబ్బు సంతకి

వెయ్యి అబద్ధాలాడైనా ఒక పెళ్ళి చెయ్యమన్నారు పెద్దలు. ఒక పెళ్ళి చెడగొట్టాలంటే ఎన్ని ఆడాలో మాత్రం చెప్పకుండా పోయారు. ఆ లెక్క తెలియకే నేను ఒక శనివారం పొద్దున్న, సరిగ్గా దువ్వని జుట్టుతో, ఇస్త్రీ లేని కుర్తాతో, ఆక్లండ్‌లోని న్యూ లిన్ రైల్వే స్టేషన్ బయట కారులో కూర్చుని ఒక పెద్దావిడ కోసం ఎదురుచూశాను.

ఆవిడ పెళ్ళికొడుకుకి పిన్ని. పెళ్ళికొడుకు అని రాస్తున్నాను గానీ అప్పటికింకా ఏదీ ఖాయం కాలేదు. అతను వెల్లింగ్టన్‌లో ఏదో ప్రభుత్వ శాఖలో కాంట్రాక్టు మీద కంప్యూటర్ ఉద్యోగం చేస్తున్నాడు. వాళ్ళది రాజమండ్రి వైపు, మాది తెనాలి వైపు. జాతకాలు కుదిరాయి, ఫొటోలు అటూ ఇటూ తిరిగాయి, ఇక పిల్లని చూడటమే మిగిలింది. ఈ దేశంలో అతనికి పెద్దదిక్కు ఆ పిన్నిగారొక్కతే కాబట్టి నన్ను చూడటానికి ఆవిడే విమానమెక్కి ఆక్లండ్ వచ్చింది. మా ఫ్లాట్‌లో ఉండేది ముగ్గురం ఆడపిల్లలం. పెళ్ళిచూపులంటే కాఫీ ఎవరు తేవాలి, పిల్ల గురించి ఎవరు గొప్పలు చెప్పాలి అన్నది మాకే తెలియదు. ఆవిడకీ ఆ సంగతి తట్టినట్టుంది, ఇంటికి వద్దులే, మౌంట్ రాస్కిల్‌లో శనివారాలు అరబ్బుల సంత జరుగుతుందట, సరదాగా అక్కడ తిరుగుదాం అని ఫోన్లో చెప్పింది. నేను ఈ ఊరొచ్చి రెండేళ్ళు కావస్తున్నా ఆ సంత ఎలా ఉంటుందో ఎరగను. చదువుకున్న కాలేజీ, సాయంత్రాలు పనిచేసిన కిరాణా కొట్టు, ఫ్లాట్, అంతే నా ఆక్లండ్.

నాకీ పెళ్ళి వద్దు. అబ్బాయి చెడ్డవాడని కాదు. రెండుసార్లు ఫోన్లో మాట్లాడాడు, రెండుసార్లూ వెల్లింగ్టన్‌లో గాలి గురించే మాట్లాడాడు. అసలు సంగతి ఏమిటంటే ఆ నెలలోనే నాకు ఉద్యోగం వచ్చింది. పాల నమూనాలు పరీక్షించే ల్యాబ్‌లో, నెల జీతం మీద, నేను చదివిన చదువుకి తగిన ఉద్యోగం. అరలు సర్దుతూ, అంట్లు తోముతూ, ఎన్ని చోట్ల కాదనిపించుకున్న తర్వాత వచ్చిందో నాకే తెలుసు. నా వీసా ఆ ఉద్యోగంతో ముడిపడి ఉంది. పెళ్ళి చేసుకుని వెల్లింగ్టన్ వెళ్ళిపోతే ఉద్యోగం పోతుంది, దాంతోపాటు ఆ వీసా పోతుంది, ఫలానా ఆయన భార్య అని ఇంకో వీసా ఇస్తారు. నా కాళ్ళమీద నిలబడి నెల తిరగకముందే ఇంకొకరి వెనక నిలబడాలంటే నాకు ఒళ్ళు మండింది.

మరి ఆ మాట ఇంట్లో చెప్పొచ్చుగా అంటారు. మా ఇంట్లో ఆడపిల్ల వద్దంటే వెంటనే వచ్చే ప్రశ్న, ఎవరైనా ఉన్నారా అని. లేరంటే నమ్మరు. ఉద్యోగం కోసం అంటే అసలే నమ్మరు. అదే మగపెళ్ళివారు వద్దన్నారనుకోండి, మా అమ్మ వాళ్ళని పది రోజులు తిట్టిపోసి, కళ్ళు నెత్తికెక్కాయని తీర్మానించి, తర్వాత మర్చిపోతుంది. కాబట్టి వద్దనాల్సింది వాళ్ళు. నేను చెయ్యాల్సింది వాళ్ళకి నచ్చకుండా ఉండటం. అదేం పెద్ద కష్టమైన పని కాదని మా ఫ్లాట్‌లో అమ్మాయిలు నన్ను చూసి ధైర్యం చెప్పారు.

రైలు దిగి వచ్చిన ఆవిడ చక్కటి చేనేత చీర కట్టుకుని, దానిమీద గాలి ఆపే కోటు వేసుకుని, చంకలో బ్యాగుతో ఉంది. నేను కారు దిగలేదు. కూర్చునే నమస్కారం పెట్టాను. మర్యాద తెలియని పిల్ల అనుకోవాలని. ఆవిడ ఏమీ అనుకోకుండా ముందు సీట్లో కూర్చుంది. దారిలో రౌండబౌట్ వచ్చినప్పుడల్లా కావాలని జోరుగా తిప్పాను. ఆవిడ బ్యాగుని గుండెలకి అదుముకుని, నీకు డ్రైవింగంటే భయం లేదన్నమాట, మా వాడికి ఇలాంటి పిల్లే కావాలి అంది. మాట మెచ్చుకోలుగానే ఉంది గానీ మొహం మాత్రం మందు మింగినట్టు పెట్టింది. నాకు అర్థం కాలేదు.

ఆ తర్వాత ఆవిడ మొదలుపెట్టింది. వాళ్ళ ఇంటి కోడలు తెల్లవారుజామునే లేవాలట. వారానికి నాలుగు రోజులు ఏదో ఒక ఉపవాసమట. తను ఏడాదిలో సగం రోజులు అబ్బాయి ఇంట్లోనే ఉంటుందట, వంటకి వంక పెట్టకుండా ఉండలేదట. అత్త లేని కోడలు ఉత్తమురాలంటారు, నాకు అత్తకి తోడు పిన్నత్తగారు కూడా వచ్చేలా ఉంది. ఇక్కడే నేను తిరగబడాలి. మాటలు కూడా సిద్ధం చేసుకునే ఉన్నాను. కానీ నోరు తెరిస్తే వచ్చిన మాట, అలాగేనండి, పెద్దవాళ్ళుంటే ఇంటికే కళ అని. ఎవరన్నారా అని నాకే అనుమానం వచ్చింది. పాతికేళ్ళుగా మా అమ్మ నా నోట్లో కుక్కిన మర్యాద సమయం చూసి బయటికి దూకింది. నేను పళ్ళు నూరుకున్నాను, పక్కన ఆవిడా నిట్టూర్చింది.

సంత ఒక హాలు వెనకున్న కార్ పార్కులో ఉంది. ఇరాక్ వాళ్ళు, సిరియా వాళ్ళు, ఈజిప్టు వాళ్ళు, ఈ ఊళ్ళోనే కాపురముంటున్నవాళ్ళు, వారానికోసారి బల్లలు పరుచుకుని గుడారాలు వేసుకుంటారు. బకెట్లలో ఊరవేసిన ఆలివ్ కాయలు, ఎండి నల్లబడ్డ నిమ్మకాయలు, అట్టపెట్టెల్లో ఖర్జూరాలు, పెనంమీద అప్పటికప్పుడు కాల్చే రొట్టెలు. అందరూ ఒకేసారి అరుస్తున్నారు, ఎవరూ ఎవరిమీదా కోపంగా లేరు. ఈ దేశంలో అంత గోల నేను అంతకుముందు వినలేదు. ప్రాణం లేచొచ్చింది. ఆవిడ కూడా నడక మార్చేసింది, రైతుబజారులో దిగినట్టు మోచేతులతో దారి చేసుకుంటూ వెళ్ళింది.

ఒక బల్లమీద ఎర్రటి పొడి కుప్ప పోసి ఉంది. కారమా కుంకుమా అని మేమిద్దరం వాదించుకున్నాం. ఆవిడ చిటికెడు తీసి నాలుక మీద వేసుకుంది. పులుపు. ఏదో కాయని ఎండబెట్టి దంచుతారట, కూరల్లో చల్లుకుంటారట. చింతపండు నానబెట్టే బాధ లేదని ఆవిడ పొట్లం కట్టించుకుంది. అక్కడ నేను నా పథకం ప్రకారం బేరమాడకుండా, ధర కూడా అడగకుండా, కనపడ్డవన్నీ కొనడం మొదలుపెట్టాను. దుబారా మనిషి అనుకోవాలని. ఆవిడ నా చేతిలో సంచులు చూసి, చెయ్యి పెద్దది, ఇల్లు నిండుగా ఉంటుంది అంది. మళ్ళీ అదే మందు మింగిన మొహం.

అత్తరు అమ్మే ముసలాయన దగ్గర జరిగింది చెప్పాలి. ఆయన దగ్గర పొడుగు మెడ వెండి బుడ్డి ఒకటుంది. మేము దగ్గరికి రాగానే లేచి, నవ్వి, దాన్ని ఊపుతూ మా ఇద్దరి మీదా పన్నీరు చిలకరించాడు. అచ్చంగా మన పెళ్ళిళ్ళలో విడిది దగ్గర నిలబడి వచ్చినవాళ్ళ మీద చల్లే పన్నీటి బుడ్డే. మన పెళ్ళిళ్ళకి వీళ్ళ దగ్గర్నుంచి వచ్చిందో, మనమే వీళ్ళకిచ్చామో నాకు తెలియదు. గులాబీ వాసన గుప్పున కొట్టింది. మేమిద్దరం ఒకేసారి వెనక్కి గెంతాం. ఆ వయసులో ఆవిడ అంత చురుగ్గా ఎందుకు గెంతిందో అప్పుడైనా నాకు అనుమానం రావాల్సింది. రాలేదు. శుభమా అని సంబంధం చెడగొట్టుకుందామని వస్తే ఈ ముసలాయన పెళ్ళి మొదలుపెట్టాడేమిటి అని నా ఏడుపు నాది.

ఖర్జూరాలమ్మే గుడారంలో ఇంకా పెద్ద చిక్కు వచ్చిపడింది. అమ్మే అతను మా ఇద్దర్నీ స్టూళ్ళ మీద కూర్చోబెట్టాడు. పిడి లేని చిన్న కప్పులు ఇచ్చి, ఇత్తడి కూజాలోంచి కాఫీ పోశాడు. లేత పసుపు రంగు, ఏలకుల వాసన, చుక్క పాలు లేవు, పలుకు పంచదార లేదు. చేదు. ఇచ్చింది వదిలెయ్యకూడదు కదా, ఇద్దరం తాగేశాం. ఖాళీ అయిందో లేదో మళ్ళీ పోశాడు. తాగాం. మళ్ళీ పోశాడు. చాలు అన్నాను ఇంగ్లీషులో. నవ్వి పోశాడు. నాకది కొత్తగా అనిపించలేదు, మా ఇంట్లోనూ అంతే. అతిథి చాలండీ అంటే మొహమాటపడుతున్నాడని అర్థం, ఇంకో గరిటె వెయ్యాలి. ఆవిడ కప్పు మీద చెయ్యి అడ్డం పెట్టింది. ఆవిడ చెయ్యి తీసేదాకా అతను కూజా పట్టుకుని ఓపిగ్గా నిలబడ్డాడు. కప్పు నిండుగా ఉంచేద్దామంటే ఇచ్చినదాన్ని వదిలేసినట్టు, ఖాళీ చేస్తే పోస్తాడు. కక్కలేం, మింగలేం. నా చెవుల్లో గుండె కొట్టుకోవడం వినపడుతోంది. ఆవిడ నుదుటన చెమట పట్టింది, బొట్టు కారుతోంది.

చివరికి అతని భార్య, పక్కన లెక్క చూసుకుంటున్న మనిషి, మమ్మల్ని చూసి పొట్ట పట్టుకుని నవ్వింది. వచ్చి ఒక ఖాళీ కప్పు తీసుకుని, వేళ్ళమధ్య పట్టుకుని ఇటూ అటూ చిన్నగా ఊపింది. చాలు అనడానికి వాళ్ళ పద్ధతి అదట. ఊపితే ఆపేస్తారు, ఊపనంతవరకూ పోస్తూనే ఉంటారు, పొయ్యకపోతే వాళ్ళకి తప్పు. మేము ఊపాం. అతను వెంటనే కప్పులు తీసుకుని, మొహంలో ఏ మార్పూ లేకుండా, ఖర్జూరాలు తూయడానికి వెళ్ళిపోయాడు. నొచ్చుకోలేదు, బతిమాలలేదు, ఏం ఎందుకు అని అడగలేదు.

ఆవిడ ఖాళీ చేతుల వంక చూసుకుంటూ కాసేపు అలాగే కూర్చుంది. “ఇంత తేలికా” అని తనలో తను అనుకుంది.

సంత పక్కనే మౌంట్ రాస్కిల్ గుట్ట ఉంది, ఒకప్పటి అగ్నిపర్వతం. పైకెక్కితే ఊరంతా కనపడుతుందని చెప్పారు. కాఫీ అరగాలంటే అదే మందని ఎక్కాం. పైన గడ్డి, గాలి, ఒకవైపు దూరంగా సముద్రపు నీళ్ళు బురదరంగులో, కింద వరసగా ఇళ్ళ కప్పులు, వాటి మధ్య మేము వదిలొచ్చిన గుడారాలు. నేను మా ఫ్లాట్ ఏ వైపో చూపించబోయాను. ఆవిడ అటు చూడలేదు.

“అమ్మాయ్, ఒక మాటడుగుతాను, తిన్నగా చెప్పు. నీకీ సంబంధం ఇష్టమేనా?”

“మీరెలా అంటే అలాగే ఆంటీ” అన్నాను. అలవాటు.

ఆవిడకి ఎక్కడలేని కోపం వచ్చింది. “ఓలమ్మో, పొద్దున్నుంచీ చూస్తున్నాను, ఏమన్నా అలాగే అలాగే. తెల్లారకుండా లేవాలన్నాను, ఉపాసాలన్నాను, నీ ఇంట్లోనే తిష్ట వేస్తానన్నాను. ఇంకో పిల్లయితే ఈపాటికి నన్ను రైలెక్కించేసేది. నువ్వేంటమ్మా, వద్దని ఒక్క ముక్క అనవు?”

 ఆవిడ గడ్డిలో చతికిలబడి అంతా చెప్పింది. వాళ్ళబ్బాయికి ఆఫీసులో ఒకమ్మాయి నచ్చింది. ఇంట్లో చెప్పే ధైర్యం లేదు. పిన్నీ, నువ్వెళ్ళి ఆ తెనాలి అమ్మాయి తనంతట తనే వద్దనేలా చెయ్యి, ఆడపెళ్ళివారు వద్దన్నారంటే మా నాన్న ఇంకేం చెయ్యలేడు అని కాళ్ళు పట్టుకున్నాడు. ఆవిడ పాపం ఆ పనిమీదే వచ్చింది. గయ్యాళిగా ఉండటం తనకి చేతకాదని, రాత్రి అద్దం ముందు నిలబడి నేర్చుకున్నానని చెప్పింది.

నిజం చెప్పాలి, మొట్టమొదట నాకు కలిగింది సంతోషం కాదు, ఉక్రోషం. వాడికి నేను నచ్చకపోవడమేమిటి? గాలి గురించి తప్ప మాట్లాడటం రాని మనిషికి నాలో ఏం తక్కువైందట? నేను వద్దనుకోవడం వేరు, నన్ను వద్దనుకోవడం వేరు. ఆ మాట పైకే అనేశాను. ఆవిడ నవ్వడం మొదలుపెట్టింది. అప్పుడు నేనూ నా సంగతి చెప్పాను, దువ్వని జుట్టు, రౌండబౌట్లు, సంచులు, అన్నీ. ఆవిడ నా జుట్టు వంక చూసి, ఇదా, ఈ కాలం పిల్లలందరూ ఇలాగే తిరుగుతున్నారుగా అనుకున్నానమ్మా అంది. అక్కడ నడవడానికొచ్చిన ఒక కివీ జంట, ఈ దేశం వాళ్ళే, మమ్మల్ని వింతగా చూస్తూ కుక్కని పక్కకి లాక్కెళ్ళారు. మేము కళ్ళనీళ్ళొచ్చేదాకా నవ్వాం.

నవ్వు ఆగాక అసలు చిక్కు అలాగే ఉంది. ఎవరు చెప్పాలి? జాతకాలు కుదరలేదందామంటే అవి ఇద్దరు పంతుళ్ళు చూసి ముద్ర వేసినవి. మనకీ ఒక కప్పులాంటిదేదో ఉంటే బాగుండేది, ఊపేసి ఊరుకునేవాళ్ళం అంది ఆవిడ. చివరికి ఆ భారం తనమీదే వేసుకుంది. సాయంత్రమే మా అమ్మకి ఫోన్ చేస్తానంది. తప్పు అబ్బాయి మీదే పెడతాను, వాడు తాగుతాడని చెప్తాను, నన్ను ఇంత చేదు తాగించినందుకు వాడికా మాత్రం పడాల్సిందే అంది. దిగొచ్చి రొట్టెలు కొనుక్కుని, కారు బానెట్ మీద పెట్టుకుని తిన్నాం. స్టేషన్ దగ్గర దింపుతున్నప్పుడు ఆవిడ నా చెంప నిమిరి, నాకే ఇంకో కొడుకుంటేనా అని ఆగిపోయింది.  ఉద్యోగం దక్కినట్టే, ఒక్క అబద్ధంతో సరిపోయిందని ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను.

ఆదివారం మధ్యాహ్నం, అంటే అక్కడ పొద్దున్న, అమ్మ ఫోన్ చేసింది. గొంతు నిండా ఉత్సాహం.

ఆవిడ ఫోన్ చేసిందట. అబ్బాయి తాగుతాడని తనంతట తనే చెప్పిందట. అది విని మా నాన్న కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడట. ఈ రోజుల్లో పిల్లవాడి లోపం వాళ్ళే చెప్పుకునే కుటుంబం ఎక్కడుంది, సంబంధమంటే ఇది అన్నాడట. తాగుడుదేముంది, పెళ్ళయ్యాక నేను మెల్లిగా మానిపించుకోవచ్చట. పంతులుగారికి కబురు వెళ్ళిందట, సాయంత్రానికల్లా ముహూర్తాలు వస్తాయట.

నేను మా ఫ్లాట్ మెట్లమీద కూర్చున్నాను. చూద్దాంలే అమ్మా అన్న మాట నాలుక చివర తయారుగా ఉంది. మా ఇంట్లో చూద్దాంలే అంటే సరే అని అర్థం, అది నాకు తెలుసు, అమ్మకీ తెలుసు. నాకోసం అబద్ధమాడటానికి ఇక ఎవరూ మిగల్లేదు.

“నాకీ పెళ్ళి వద్దమ్మా.”

 అనుకున్న ప్రశ్నే వచ్చింది, ఎవరైనా ఉన్నారా అని. ఎవరూ లేరన్నాను, ఉద్యోగం వచ్చింది, అది వదలనన్నాను. మాట వెనక్కి తీసుకోలేదు. నిన్ను అంత దూరం పంపించినందుకు బాగా బుద్ధి చెప్పావని, మీ నాన్నకి ఏ మొహం పెట్టుకుని చెప్పాలని, ఇంకా ఏవేవో అని అమ్మ ఫోన్ పెట్టేసింది. నేను అక్కడే కూర్చున్నాను. లోపలికి వెళ్తే ఫ్లాట్‌లో అమ్మాయిలు అడుగుతారు, నాకేడుపొస్తుంది. ఈసారి నాన్న చేస్తాడని, ఆయన అడిగితే నిలబడలేనని భయపడుతూ ఫోన్ వంకే చూశాను.

మోగింది. మళ్ళీ అమ్మే. గొంతు తగ్గించి మాట్లాడుతోంది.

“మీ నాన్న స్నానానికెళ్ళారు. తొందరగా చెప్పు, ఏం ఉద్యోగమే అది?”

రెండేళ్ళలో అమ్మ నన్ను ఆ ప్రశ్న అడగడం అదే మొదటిసారి. చెప్పాను. రైతుల దగ్గర్నుంచి పాలు వస్తాయమ్మా, వెన్న ఎంతుందో, పాడయ్యాయో లేదో, నీళ్ళు కలిశాయో లేదో మేము పరీక్ష చేసి చెప్పాలి అన్నాను.

“నీళ్ళు కలిశాయని చెప్పినందుకు నెలనెలా జీతమిస్తారా?”

“ఇస్తారమ్మా.”

 వెనక బాత్రూంలో నీళ్ళు పడుతున్న చప్పుడు వినపడుతోంది.

“పెళ్ళయి వచ్చినప్పట్నుంచీ రోజూ పాలవాడి తపేలాలో వేలు ముంచి చెప్తున్నానే నేను. నాకెవరూ ఏమీ ఇవ్వలేదు” అంది. నవ్వుతూ అనలేదు. నీళ్ళ చప్పుడు ఆగిపోయింది. “వస్తున్నారు. ఆయనకి నేను చెప్తాను, నువ్వు పెట్టెయ్.”